అత్త ఇంట్లో మన మూటలు

ఆమె ఇంటిని మనం బట్టలతో నింపేశాం. లోపల కాళ్ళు చాపుకునే చోటు లేక ఆమె రేకుల వసారాలో కూర్చుంది. మే నెల ఎండలో, ఆ రేకుల కింద, వడదెబ్బ తగిలి చచ్చిపోయింది. జరిగిన తప్పు ఇది. చివర్లో రాస్తే అక్కడిదాకా చదవరని ముందే రాస్తున్నాను.

ఆ మంగళవారం నేను పొద్దుటి షిఫ్టులో ఉన్నాను. ఎడ్లపాడు వైపు ఒక స్పిన్నింగు మిల్లులో నా పని. లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. షిఫ్టు దిగి లాకరు తెరిస్తే అత్త కూతురి దగ్గర్నుంచి పదకొండు కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే ఒక్క మాటే అంది: "అమ్మ పోయిందే." మిల్లు బస్సు నరసరావుపేట చేరేసరికి నాలుగు దాటింది.

మా పేటలో ఎవరు పోయినా ముందు గదిలో పడుకోబెట్టి తలుపులు బార్లా తీస్తారు. అత్తను వీధిలో పడుకోబెట్టారు. ముందు గదిలో మూటలున్నాయి. వెనక గదిలోనూ మూటలే. మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. తల దగ్గర దీపం గాలికి ఆరిపోతుంటే ఎవరో అట్టముక్క అడ్డం పెట్టారు. ఆస్పత్రి కాగితంలో వడదెబ్బ అని రాశారు. కాగితంలో అంతకన్నా రాయడానికి గడి ఉండదు.

ఆమె నాకు చుట్టం కాదు. గోడవతల ఇల్లు. ఊహ తెలిసినప్పటి నుంచీ అత్తా అనే పిలిచాను. ఆమె కూతుర్ని వదినా అంటాను. "పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా" అని వీధుల్లో అరుచుకుంటూ తిరిగే మనిషి మా అత్త. ఈ ఊళ్ళో నలభై దాటిన ఆడవాళ్ళందరికీ ఆమె గొంతు తెలుసు. నెత్తిన గంప, గంపలో గిన్నెలు, బేసిన్లు, టిఫిన్ డబ్బాలు. చంకలో చీరతో కట్టిన మూట. పొద్దున బయల్దేరేటప్పుడు గంప బరువు. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు మూట బరువు. మెడ ఒకవైపుకి కొంచెం వంగి ఉండేది. ఖాళీగా నడుస్తున్నా అలాగే ఉండేది.

మా అమ్మా, ఆమే గోడకి అటూ ఇటూ ఉన్నా బేరం దగ్గర మాత్రం ఎవరికి వాళ్ళే. నాకు బాగా గుర్తున్న బేరం ఒకటుంది. నాన్న చొక్కాలు మూడు, తన చీరలు రెండు అమ్మ గుమ్మంలో పెట్టి, మూత ఉన్న పెద్ద స్టీలు డబ్బా అడిగింది.

"ఆ చీర చూడు, రెండుసార్లు కట్టానంతే," అంది అమ్మ.

"రెండుసార్లా? నీ ఒంటి మీద నేనే ఇరవైసార్లు చూశా. గోడవతలే గదమ్మా నా కాపరం."

"అయితే డబ్బా ఇయ్యవా?"

"ఇస్తా. మూత లేకుండా."

"మూత లేని డబ్బా నేనేం చేసుకోను? నీ నెత్తిన బోర్లించనా?"

"ఇంకో చొక్కా తే. మూత దానికదే నడిచొస్తది."

అమ్మ లోపలికి పోయి, నాన్న ఒంటి మీదున్న చొక్కా విప్పించి తెచ్చింది. నాన్న బనీనుతో గుమ్మంలోకి వచ్చి ఇద్దరినీ తిట్టాడు. డబ్బా మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, మూతతో సహా. అప్పుడు ఇంట్లో ఉన్న బట్టలు ఎన్నో ఇంట్లోవాళ్ళందరికీ తెలుసు. అందుకే ఒక్క చొక్కా మీద అంత గొడవ.

ఆమెకి చదువు రాదు. చొక్కా మెడ దగ్గర కుట్టిన చీటీలో ఏం రాసుందో తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. చిన్న సీసాలో నీళ్ళు పెట్టుకునేది. వేలు ముంచి బట్ట మీద ఒక్క బొట్టు వేసేది. నూలుబట్ట అయితే బొట్టు లోపలికి దిగిపోయేది. పాలిస్టరు అయితే చామాకు మీద నిలబడ్డట్టు నిలబడేది. ఇంకా అనుమానముంటే అంచులోంచి పోగు లాగి అగ్గిపుల్ల పెట్టేది. బూడిదైతే ఒక మూట, నల్లగా ఉండ కడితే ఇంకో మూట. నేను మిల్లులో చేరిన కొత్తలో మా సూపర్‌వైజరు ఒక గంటసేపు చెప్పిన పాఠం ఆమె వేలికొస మీద ఉండేది. "నీళ్ళు తాగేది గుడ్డ. తాగనిది గుడ్డలాగా కనపడతదంతే," అనేది.

ఆ మూటలు తర్వాత ఏమవుతాయో ఇచ్చినవాళ్ళు ఎప్పుడూ అడగలేదు. నేను చెప్తాను. బాగున్నవాటిని ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి, ఆదివారం సంతలో అమ్మేది. గుండీల పని వదినది. చినిగిన నూలుబట్టల్ని జానెడు ముక్కలుగా కోసి లారీ షెడ్లకి ఇచ్చేది. మెకానిక్కులు చేతులూ ఇంజన్లూ తుడుచుకునే గుడ్డ అదే. బాగా నలిగిన మెత్తటి నూలుచీరలు మాత్రం అమ్మేది కాదు. పేటలో ఎవరు నీళ్ళాడినా బిడ్డకింద వేయడానికి ఇచ్చేది. నన్నూ మొదట అలాంటి చీరలోనే చుట్టారని అమ్మ చెప్పింది. ఎవరి చీరో అత్తకి కూడా గుర్తులేదు.

ఇక ఒంటికి గుచ్చుకునే పాలిస్టరు చీరలు. వాటిని రొంపిచెర్ల, రాజుపాలెం వైపు రైతులు కొనుక్కుపోయేవారు. చేను చుట్టూ కర్రలు పాతి, చీరలు అడ్డంగా కడితే అడవిపందులు లోపలికి రావు. ఎర్రవీ పచ్చవీ చీరలు కట్టిన చేలు బస్సులోంచి చూస్తే పెళ్ళిపందిరిలా ఉంటాయి. అంతా ఏదో ఒక పనికి వస్తోందని నేనూ అనుకునేదాన్ని. ఒకరోజు రొంపిచెర్ల నుంచి ఒకాయన బండి మీద వచ్చి, చిన్న గుమ్మడికాయంత ముద్దని వసారాలో పడేశాడు. అది చీర. మట్టి, గ్రీజు పట్టి చీరలా లేదు.

"ఏందమ్మా ఇది? రోటవేటరుకి చుట్టుకుంటే మూడు గంటలు కత్తి పెట్టి కోశా. పందుల్నాపమని కట్టా, ట్రాక్టర్నే ఆపింది."

"పంటయ్యాక ఇప్పుకోవాలయ్యా. కట్టింది నువ్వా, నేనా?"

"ఇప్పుదామని పట్టుకుంటే చేతిలో పొడైపోతంది. ఎండకి కుళ్ళింది. పోగులన్నీ మట్టిలో కలిసినయ్యి. పత్తి తీస్తుంటే పత్తిలో కూడా వస్తన్నయ్యి."

ఆయనకి మజ్జిగ ఇచ్చి పంపించింది. నేను అక్కడే ఉన్నాను. నాకు ఇంకో సంగతి తెలుసు. మా మిల్లుకొచ్చే పత్తి బేళ్ళలో రంగురంగుల పోగులుంటాయి. తెల్లటి దారంలో ఒక్క ఎర్రపోగు పడినా ఆ దారం పనికిరాదు. వాటిని ఏరడానికే ఒక వరస ఆడవాళ్ళు పొద్దస్తమానం నిలబడి ఉంటారు.

"అత్తా, నీ చీరలు మా మిల్లుకొచ్చినయ్యి," అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. ముద్దని కాలితో అటూ ఇటూ దొర్లించింది. "అయితే ఏడికీ పోలేదన్నమాట," అంది. ఆ రోజు నుంచి రైతులకి చీరలివ్వడం మానేసింది. చేతికొచ్చే డబ్బు నష్టం, ఇంట్లో ఇంకో మూట. నేను వద్దన్నాను. "నువ్వియ్యకపోతే ఇంకొకళ్ళిస్తారు, మానితే ఏమొస్తది?" అన్నాను. "నా చేత్తో ఇయ్యను," అంది.

ఆమె నాకేమిచ్చిందో కూడా రాయాలి. పదో తరగతితో నా చదువు ఆగింది. తర్వాత నేను చదివిందంతా ఆమె మోసుకొచ్చిందే. బట్టలతోపాటు కొందరు పాత పుస్తకాలు కూడా అంటగట్టేవారు. పుస్తకాలకి ఆమె గిన్నె ఇచ్చేది కాదు, "నా యాపారం కాదమ్మా" అనేది, కానీ తెచ్చేది. గోడ మీద పెట్టి "ఒసేయ్, నీ గడ్డి వచ్చింది" అని కేకేసేది. వాటిలో డిగ్రీ పిల్లల ఆర్థికశాస్త్రం ఉంది, అట్ట లేని నవలలున్నాయి, హోమియో వైద్యం ఉంది. అన్నీ చదివాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ గడ్డి వల్లే.

వ్యాపారం ఎప్పుడు తిరగబడిందో సరిగ్గా చెప్పలేను. ఒక్క రోజులో జరగలేదు. ముందు ఆడవాళ్ళు బేరమాడటం మానేశారు. తర్వాత గిన్నెలు వద్దన్నారు. ప్రతి ఇంట్లో స్టీలు అటకెక్కి కూర్చుంది. నాకు వారపు సెలవున్నప్పుడు మూట సాయం పట్టేదాన్ని. మా పేటకి రోడ్డవతల, మూడంతస్తుల మేడలున్న కాలనీలో, ఒక ఇల్లాలు రెండు పెద్ద సంచులు తెచ్చి మెట్ల మీద పెట్టింది.

అత్త బేసిన్ తీసి చూపించింది. "ఇది చాలా తల్లీ?"

"అయ్యో, గిన్నెలేం వద్దు. ఇవి తీసుకుపో, అదే పదివేలు. బీరువా తలుపు పడటంలేదు."

"ఊరికే తీసుకోనమ్మా. చెంచా అయినా తీసుకో."

"వద్దులే, పెట్టుకోడానికి చోటు లేదు."

అత్త అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. సంచుల్లో చీటీ కూడా తెంపని చిన్నపిల్లల గౌన్లున్నాయి. నీళ్ళ బొట్టు వేసింది. నిలబడింది. ఇంకోటి. అదీ నిలబడింది. ఇంటికొచ్చాక అంది: "బేరమాడితే నాకు కోపం వచ్చేది. బేరం లేకుండా ఇచ్చేస్తంటే భయమేస్తంది."

నేనేమీ వేరే మనిషిని కాదు. ఫోనులో ఆఫరు పెడితే వేలు ఆగేది కాదు. జీతం పడిన వారంలో నాలుగు కుర్తీలు. ఒకటి రంగు నచ్చలేదు, ఒకటి బిగుతు, ఒకటి ఉతికితే వంకర తిరిగింది. ఆరు నెలలకోసారి గోడ మీదుగా అత్తకి ఇచ్చేదాన్ని. ఇచ్చేస్తే ఏదో మంచిపని చేసినట్టు ఉండేది. ఆ తృప్తితోనే మళ్ళీ కొనేదాన్ని. ఒక ఆదివారం నా కుర్తీలు ఎనిమిది, మడతపెట్టి, గోడ మీద కనిపించాయి.

"ఏందత్తా, తిరిగిచ్చావ్?"

"నువ్వే దాచుకో. మీ బీరువాలో ఉన్నా నా ఇంట్లో ఉన్నా ఒకటే. వీటికి ఇంకో ఊరు లేదు."

"ఎవరైనా వేసుకుంటారుగా."

"ఎవరే? సంతలో కొత్తవే పాతవాటికన్నా చవగ్గా వస్తన్నయ్యి. ఈ గుచ్చుకునేవి ఎవడు కొంటాడు? తుడుచుకుందామంటే నూనె పీల్చదు. మీ మిల్లు ఎన్నాళ్ళకోసారి ఆగుద్ది?"

"ఆగదు. పెద్ద పండక్కి ఒక్కరోజు."

"మూడు షిఫ్టులూనా?"

"మూడు షిఫ్టులూ."

"నేను ఒక్క షిఫ్టేనే," అంది.

ఆ కుర్తీలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. వాటినే వేసుకుని మిల్లుకి పోతున్నాను. వంకర తిరిగింది కూడా. అప్పటి నుంచి కొత్తది కొనలేదు. గొప్ప కోసం రాయడంలేదు, సిగ్గుతో మానేశాను.

శాలువాల సంగతి చెప్పకపోతే ఆమెకి నచ్చదు. ఊళ్ళో ఒక పెద్దమనిషి ఇంటి నుంచి కబురొస్తే పోయింది. ఏ సభ జరిగినా ఆయనకి శాలువా కప్పుతారు. ఆయన భార్య ఒక బీరువా ఖాళీ చేసింది. బంగారు రంగు అంచులు, మిలమిలలు. కప్పుకుంటే చలి ఆగదు, తుడుచుకుంటే తడి పోదు, పరుచుకుంటే జారుతుంది. వసారాలో ఒక్కోటి విప్పి అత్త నా భుజాన వేసింది, సభలో మైకు పట్టుకున్నవాడిలా గొంతు పెట్టి. "ఈమె రోజూ మిల్లుకి పోయిందని శాలువా. ఈమె ఇవ్వాళ అన్నం మాడ్చలేదని శాలువా." నేను నవ్వి నవ్వి కింద కూర్చున్నాను. ఎనభైకి పైగా ఉన్నాయి. అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, గోనెసంచిలో కుట్టి, పరుపు చేసింది. ఒక్క రాత్రి పడుకుని లేచింది. "ఒళ్ళంతా సన్మానం జరిగినట్టుంది, దురద," అంది. ఆ పరుపు కూడా ఒక మూట అయిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పోయిన శీతాకాలంలో రోడ్డవతల కాలనీ కమిటీవాళ్ళు పార్కు గోడకి రంగులేసి, మేకులు కొట్టి, "మీకు అక్కర్లేనివి ఇక్కడ పెట్టండి, అవసరమైనవాళ్ళు తీసుకోండి" అని రాశారు. మంచి ఉద్దేశమే. నేను వెక్కిరించడంలేదు. గోడ ప్రారంభానికి అత్తని పిలిచి, రిబ్బను కత్తిరించమని కత్తెర చేతికిచ్చారు. శాలువా కూడా కప్పారు. నా వైపు చూసి కన్ను కొట్టింది.

మొదటి వారం చలికి స్వెట్టర్లు పోయాయి. దుప్పట్లు పోయాయి. తర్వాత పెట్టేవాళ్ళే తప్ప తీసేవాళ్ళు లేరు. అవసరమైనవాళ్ళకి కూడా కళ్ళుంటాయి కదా. రెండు నెలల్లో గోడ కనపడకుండా బట్టలు పేరుకుపోయాయి. మంచు పడి తడిశాయి, కుక్కలు పడుకున్నాయి. పార్కుకి నడకకి వచ్చేవాళ్ళు ముక్కు మూసుకున్నారు. కాలనీలో ఎవరింట్లోనో పెళ్ళి, రేపు పెద్దవాళ్ళు వస్తారు, గోడ శుభ్రం చేయాలి. కమిటీవాళ్ళకి అత్త గుర్తొచ్చింది.

ఆమె వ్యాపారంలో ఒక నియమం ఉంది. ఆమె తల్లి దగ్గర్నుంచి వచ్చింది. బోణీ మూటని తిప్పి పంపకూడదు. పొద్దున గంప ఎత్తకముందు, మొదట గుమ్మం ముందుకొచ్చిన గుడ్డని, అది ఎలాంటిదైనా, కాదనకూడదు. కాదంటే ఆ ఏడాదంతా గుమ్మాలు మూసుకుంటాయని నమ్మకం. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ఆమెకి ఉంది. కాలనీ కమిటీ కార్యదర్శికి ఈ నియమం తెలియదు, ఆ పాపం ఆయన మీద వెయ్యను. పొద్దున ఆరున్నరకి ట్రాక్టరు వచ్చి గుమ్మం ముందాగింది. అత్త ఇంకా గంప ఎత్తలేదు. ట్రాక్టరు ట్రక్కు నిండా ఉన్న మూటలన్నీ బోణీ అయిపోయాయి.

"అమ్మా, రెండ్రోజులు ఉంచు. గుంటూరు నుంచి లారీ వచ్చి తీసుకుపోద్ది," అన్నాడు కార్యదర్శి.

"ఇన్ని ఏడ పెట్టనయ్యా?"

"రెండ్రోజులేగా."

ఆమె చేతిని నేను చూశాను. వద్దన్నట్టు సగం లేచి, దిగిపోయింది. కూలీలు లోపలికి మోశారు. ముందు గది, వెనక గది. చివరి మూటలు పెట్టడానికి మంచం తీసి బయట వెయ్యాల్సి వచ్చింది. ఆ మంచం మళ్ళీ లోపలికి పోలేదు.

లారీ రాలేదు. వారం తర్వాత అత్త కాలనీకి పోయింది. నేనూ వెంట పోయాను. కార్యదర్శి కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. మర్యాదలో లోటు లేదు.

"లారీ రాదంటమ్మా. మంచి బట్టలే తీసుకుంటారంట. ఇవి కలిసిపోయినయ్యి కదా."

"మరి వీటినేం చెయ్యనయ్యా?"

"రీసైకిల్ అయిపోతాయిలే."

"ఎవరు చేస్తారు?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "అదేంటమ్మా, నువ్వేగా చేసేది," అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఈ ఊళ్ళో ఆ మాటకి అర్థం మా అత్తే. మున్సిపాలిటీ నీలం బుట్టలో వేసిందీ, గోడకి తగిలించిందీ, మంచి మనసుతో మడిచి ఇచ్చిందీ, చివరికి ఒక అరవయ్యేళ్ళ ఆడమనిషి రెండు గదుల్లోకి పోతుంది. ఆమె వేలు, నీళ్ళ సీసా, కత్తెర. అంతకు మించి యంత్రం ఎక్కడా లేదు. ఉందని మీరు నమ్మారు. నమ్మి ఇంకో రెండు కొన్నారు.

ఆమె ఒక్కో మూటా విప్పి వేరు చేయడం మొదలుపెట్టింది. నూటికి ఎనభై బొట్టు తాగనివే. రంగు మార్చిన స్కూలు యూనిఫారాలు మూటలు మూటలు. నిన్నటిదాకా నీలం, ఈ ఏడు మెరూను, పిల్లలు మాత్రం వాళ్ళే. ఎన్నికలకి పంచిన టీషర్టులు, వీపున మొహాలతో. ఒక్క పుట్టినరోజుకి వేసిన తళుకుల గౌన్లు. ఒక పెళ్ళికి ఆడవాళ్ళందరూ ఒకే రంగులో కట్టిన చీరలు, ముప్పై దాకా, ఫోటో దిగినంతసేపే కట్టినవి. "ఈ పిల్ల పెళ్ళి నాకు గుర్తుందే, బ్యాండు మన వీధిలోంచే పోయింది," అని ఆ చీరలన్నీ ఒకచోట పెట్టింది. తిట్టలేదు. నాకు తిట్లొచ్చేవి, ఆమెకి రాలేదు.

ఏప్రిల్లో నేనొక మాటన్నాను. దాచిపెట్టడం న్యాయం కాదు కాబట్టి రాస్తున్నాను. "అన్నీ బైపాస్ పక్క గుంటలో పడేసి తగలబెడదాం అత్తా," అన్నాను.

"ఆ పొగ ఎవరి ముక్కులోకి పోద్ది?"

"ఊరు బయటేగా."

"ఊరు బయట మనుషులుండరా? పైగా బోణీ మూటే అది. ఒసేయ్, వాళ్ళు నమ్మి ఇచ్చారే."

"వాళ్ళు వదిలించుకున్నారు అత్తా, నమ్మడం కాదు."

"రెండూ ఒకేలా ఉంటయ్యి," అని కత్తెర అందుకుంది.

ఆ చివరి రోజు గురించి వదిన చెప్పిందే నాకు తెలుసు. అత్తతోనే ఉండే వదిన పిల్లలిద్దరూ సెలవులకి రాజుపాలెం నానమ్మ దగ్గరున్నారు. కోసిన ముక్కలు లారీ షెడ్లకి ఇవ్వడానికి వదిన పది గంటలకి పోయింది. అత్త వసారాలో మంచం మీద కూర్చుని నూలుముక్కలు కోస్తోంది. లోపల ఫ్యానుంది, కానీ ఫ్యాను రెక్కలకి మూటలు తగులుతాయని స్విచ్చి తీసేశారు. వదిన ఒంటిగంటకి వచ్చేసరికి తల గోడకి ఆనించి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. కత్తెరలో వేళ్ళు అలాగే ఉన్నాయి. పక్కన నూలుముక్కల కట్ట, పైన తాడు కట్టి, సిద్ధంగా ఉంది.

కమిటీవాళ్ళు వచ్చారు. దండ వేశారు. వీధిలో పడుకున్న మనిషి మీద మిలమిలలాడే శాలువా కప్పారు. వదిన దాన్ని తీసి పక్కన పెట్టి, మెత్తటి పాత నూలుచీర కప్పింది. పోతూ పోతూ కార్యదర్శి వదినతో అన్నాడు, "ఆ బట్టలన్నీ మీరే వాడుకోండమ్మా, మేమేం అడగం."

పెద్దకర్మ వీధిలో టెంటు వేసి చేశాం. పిండం దగ్గర కూర్చోడానికి ఇంట్లో పీట పట్టే చోటు లేదు. వచ్చినవాళ్ళు తలుపులోంచి లోపలికి చూసి, ఎండ గురించి మాట్లాడారు. నేనూ వదినా ఆ రోజు సాయంత్రం మూటలు లెక్కపెట్టాం. అరవై మూడు. ఆమె నాలుగు నెలలు కోసి, వేరు చేసి, పంపించగా మిగిలినవి అరవై మూడు.

వదినా, ఇద్దరు పిల్లలూ ఇప్పటికీ వసారాలోనే పడుకుంటున్నారు. కుట్టుమిషను అక్కడే, పొయ్యి అక్కడే. మొన్న మొదటి వాన పడింది. జల్లు లోపలిదాకా కొట్టింది. పిల్లల పుస్తకాలు మా ఇంట్లో పెట్టాం. వానలు ముదిరితే మూటల్లో తేమ చేరి పురుగు పడుతుంది. అప్పుడు ఆ ఇంట్లోకి బట్టలు తీసేసినా మనుషులు పోలేరు. కట్టుకోడానికి అత్తకి సగం జీవితం పట్టిన ఇల్లు అది.

అత్త గొప్ప మనిషి అని నేను రాయలేదు. గొప్ప అని రాస్తే దండ వేసి మర్చిపోతారు. ఆమె చేసింది పని. మనం పడేసినంత పని ఒక మనిషి చేయలేదని ఆమెకి ముందే తెలుసు. మనకి ఇప్పుడు తెలిసింది. నేను మిల్లులో రేపు పొద్దున మళ్ళీ కొత్తదారం తీస్తాను. మీరు ఫోను చూస్తారు. ఈ సంగతి తెలిసి కూడా చేస్తాం. అది మన సంగతి, మనం తేల్చుకుందాం. ఆ మూటల సంగతి మాత్రం తేల్చకుండా వదలను.

వచ్చే ఆదివారం అత్త నెల మాసికం. అది వీధిలో జరగదు. ఆమె ఇంట్లో, ముందు గదిలో జరుగుతుంది. కాలనీ కమిటీవాళ్ళు కాగితం మీద జవాబివ్వాలి. నోటిమాట వద్దు, వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ వద్దు. "తీసేస్తాం" అని రాయకండి. "ఏదో ఒక సంస్థకి పంపిస్తాం" అని రాయకండి. గుంటలో వేసి కాల్చడానికి మేం ఒప్పుకోం, ఆమె ఒప్పుకోలేదు కాబట్టి. అరవై మూడు మూటల్లో ఏ మూట ఏ ఇంట్లోకి పోతుందో, ఆ ఇంటి నెంబరు వేసి, ఆ ఇంటివాళ్ళ సంతకంతో రాయండి. శుక్రవారం సాయంత్రం ఆరింటిలోపు ఆ కాగితం వదిన చేతికి అందాలి.